బెంగళూరులో సొంత ట్యాక్స్ ప్రాక్టీస్: జీతం రిటర్నులా, జీఎస్‌టీనా, అమెరికా పనా?

మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో ట్యాక్స్ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. అనంతపురంలోనో చిత్తూరులోనో బి.కాం. చేసి ఇక్కడ ఏదో కంపెనీ అకౌంట్స్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు, గుంటూరులో సీఏ కోచింగ్ తీసుకుని ఇంటర్ దగ్గర ఆగిపోయినవాళ్లు, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసినవాళ్లు. చాలామందికి ఇప్పటికే స్నేహితుల రిటర్నులు, తోడికోడళ్ల రిటర్నులు చేసిపెట్టే అలవాటు ఉంటుంది. దీన్నే వృత్తిగా పెట్టుకుందాం అనుకోగానే చిక్కు మొదలవుతుంది. ఏ పనితో మొదలుపెట్టాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రిటర్నుకి ఎంత వస్తుందో చూసి ఎంచుకోకండి. డబ్బు ఏ నెలల్లో చేతికొస్తుంది, రెండేళ్ల తర్వాత నోటీసు వస్తే ఎవరు సమాధానం చెప్పాలి, ఈ రెండూ చూసి ఎంచుకోండి. ఒంటరిగా మొదలుపెట్టే ప్రాక్టీసులు మూతపడేది పని రాక కాదు, ఆగస్టు నుంచి మే వరకు ఇల్లు గడవక.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

డబ్బు క్యాలెండర్. ఇంటి అద్దె, స్కూలు ఫీజు సీజన్ చూసుకుని రావు. మీ ఇంట్లో ఇంకో జీతం ఉందా లేదా అన్నదాన్ని బట్టే సగం నిర్ణయం అయిపోతుంది.

అర్హత. మన దేశంలో ఇంకొకరి ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్ను) నింపిపెట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఆ రిటర్ను మీద నోటీసు వచ్చి, క్లయింట్ తరఫున అధికారికి సమాధానం చెప్పాలంటే అధీకృత ప్రతినిధి హోదా ఉండాలి. సీఏలు, లాయర్లతో పాటు కామర్స్ లేదా లా డిగ్రీ ఉన్నవాళ్లు కూడా ఇన్‌కమ్ ట్యాక్స్ ప్రాక్టీషనర్‌గా నమోదై ఆ హోదా తెచ్చుకోవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది 'మనం సీఏ కాదు కదా' అని నోటీసు పనులన్నీ వదిలేసుకుంటారు. ట్యాక్స్ ఆడిట్ రిపోర్టుకి మాత్రం సీఏ సంతకం తప్పదు. క్లయింట్లు మిమ్మల్ని ఎలాగూ 'ఆడిటర్ గారూ' అనే పిలుస్తారు, వాళ్లని ఆపలేం. బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద మాత్రం ఆ మాట వేయకండి.

నోటీసు ఎటు తిరుగుతుంది. చట్టం ప్రకారం రిటర్నుకి బాధ్యత క్లయింటుదే. కానీ కష్టం వచ్చినప్పుడు అతను ఫోన్ చేసేది మీకే, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేది మీ పేరే.

నిలకడ. ఈ ఏడాది వచ్చిన క్లయింట్ వచ్చే ఏడాది కూడా వస్తాడా? మీరు లేకపోతే అతని పని ఆగుతుందా, లేక యాప్‌లో పది నిమిషాల్లో తనే చేసేసుకుంటాడా?

భాష. ఆదాయపు పన్నుకి ఇంగ్లిష్ చాలు. రాష్ట్ర జీఎస్‌టీ ఆఫీసుకి, అంటే కోరమంగల వాణిజ్య తెరిగె కార్యాలయానికో గాంధీనగర్‌లో ఉన్నదానికో వెళ్తే, కన్నడలో నాలుగు మాటలు వచ్చినవాళ్ల పని సాఫీగా సాగుతుంది. క్లయింట్ తెలుగువాడు, అధికారి కన్నడిగుడు, మధ్యలో మీరు. ఈ స్థానం మీకు బలమే, కన్నడ నేర్చుకుంటే.

ఇవి పెట్టుకుని నాలుగు దారుల్ని ఒకసారి పక్కపక్కన చూద్దాం. ఇందులో ఆర్‌ఎస్‌యూ అంటే కంపెనీ జీతంలో భాగంగా ఉద్యోగికి ఇచ్చే షేర్లు.

| | మామూలు జీతం రిటర్నులు | ఆర్‌ఎస్‌యూ, విదేశీ షేర్లు ఉన్నవి | నెలవారీ జీఎస్‌టీ, లెక్కలు | అమెరికా రిటర్నులు |
|---|---|---|---|---|
| డబ్బు వచ్చే కాలం | జూన్ మధ్య నుంచి జూలై ఆఖరు | అదే, కొంత డిసెంబర్ దాకా | ఏడాది పొడుగునా | జనవరి ఆఖరు నుంచి ఏప్రిల్ 15, మళ్లీ అక్టోబర్ 15 లోపు |
| మొదలుపెట్టడానికి | అనుభవం చాలు | షేర్లు, విదేశీ పన్ను నిబంధనలు బాగా తెలియాలి | జీఎస్‌టీ ప్రాక్టీషనర్ నమోదు, పరీక్ష | పీటీఐఎన్ (రిటర్నులు చేసేవాళ్లకి అమెరికా పన్ను శాఖ ఇచ్చే నంబరు), వీలైతే ఈఏ (ఎన్‌రోల్డ్ ఏజెంట్) పరీక్ష |
| పోటీ | చాలా ఎక్కువ, యాప్‌లతో కూడా | తక్కువ | వీధికొకరు ఉంటారు, నమ్మకం మీద నడుస్తుంది | పెద్ద సంస్థలతో |
| క్లయింట్ నిలకడ | తక్కువ | ఎక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్థం |
| టెన్షన్ | జూలై ఆఖరి వారం | తప్పు ఖరీదైనది | ప్రతి నెలా 11, 20 తేదీలు | రాత్రి పని, డేటా భద్రత |

## మామూలు జీతం రిటర్నులు

అందరూ ఇక్కడే మొదలుపెడతారు. చుట్టూ ఐటీ ఉద్యోగులే, ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే పత్రం) ఉంటే అరగంట పని. పెట్టుబడి ఒక ల్యాప్‌టాప్.

లెక్క వేసి చూడండి. కంపెనీలు ఫారం 16 ఇవ్వాల్సిన గడువు జూన్ 15, రిటర్నుకి మామూలు గడువు జూలై 31. అంటే 47 రోజులు. ఉదాహరణకి రిటర్నుకి 800 చొప్పున 300 రిటర్నులు చేశారనుకుందాం. 2,40,000 వస్తుంది, రోజుకి ఆరేడు రిటర్నులు పడతాయి, ఆదివారాలు కూడా కలుపుకుని. వినడానికి బాగానే ఉంది. మిగతా పదిన్నర నెలలు ఏం చేస్తారు? పైగా గడువు మన చేతిలో ఉండదు. 2025లో అది సెప్టెంబర్ 15కి జరిగింది, ఆఖరి నిమిషంలో ఇంకొక్క రోజు పెరిగి 16 అయింది. గడువు జరిగితే క్లయింట్లు హాయిగా పడుకుంటారు, మీ డబ్బు కూడా వాళ్లతో పాటే పడుకుంటుంది.

ఇంకో మార్పు నెమ్మదిగా జరుగుతోంది. కొత్త పన్ను విధానమే ఇప్పుడు డిఫాల్ట్. 2025-26 ఆదాయం నుంచి అందులో 12 లక్షల దాకా రిబేటు ఉంది. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12.75 లక్షల జీతం మీద పన్ను సున్నా. ఎల్‌ఐసీ రసీదు, అద్దె రసీదు, ట్యూషన్ ఫీజు అంటూ మనం చేసే పని చాలామందికి ఇక అవసరం లేదు. అలాంటి రిటర్ను పోర్టల్‌లో ముందే నింపి వస్తుంది, ఉద్యోగి నొక్కాల్సింది బటన్లే. ఆ పనికి ఎవరైనా ఎంతకాలం డబ్బిస్తారు?

పాత విధానంలోనే ఉన్నవాళ్లూ ఉన్నారు, హోమ్ లోను, అద్దె రెండూ భారీగా ఉన్నవాళ్లు. వాళ్లకి రెండు విధానాల్లో లెక్క వేసి చూపించాలి. చెన్నై నుంచి ఏడాది మధ్యలో బదిలీ అయి వచ్చినవాళ్ల హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు దగ్గర జాగ్రత్త. 1962 నాటి నిబంధనల్లో జీతంలో 50 శాతం లెక్కకి వచ్చే మెట్రోలు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై మాత్రమే. బెల్లందూరు అద్దెలు ఎంత మండిపోతున్నా ఆ నిబంధనల్లో బెంగళూరుకి 40 శాతమే. ఏ సంవత్సరం ఆదాయానికి ఏ నిబంధన వర్తిస్తుందో చూసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లో ఉంది, 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే.

ఈ దారిలో ఇంకో పెద్ద గొయ్యి ఉంది: 'రీఫండ్‌లో ఇంత శాతం'. క్లయింటే అడుగుతాడు, 'ఫలానా ఆయన నా కొలీగ్‌కి లక్ష రీఫండ్ తెప్పించాడట, పది శాతమే తీసుకున్నాడట' అని. ఆ లక్ష ఎలా వచ్చిందో మీకు తెలుసు. ఇవ్వని రాజకీయ విరాళం, లేని ఎడ్యుకేషన్ లోను, కట్టని అద్దె. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి తప్పుడు డిడక్షన్ల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. అప్పటికి ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది తమ రిటర్నులు సరిచేసుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కూడా చెప్పింది. ఆదాయం తప్పుగా చూపినట్టు తేలితే పెనాల్టీ ఆ పన్నుకి 200 శాతం దాకా పోవచ్చు. రీఫండ్ సొమ్ము మీద ఫీజు తీసుకుంటే, నోటీసు వచ్చిన రోజు 'నేను వాళ్లు చెప్పిందే నింపాను' అన్నా ఎవరూ నమ్మరు. ఫిక్స్‌డ్ ఫీజు చెప్పండి. పోయేవాణ్ణి పోనివ్వండి.

అదే ప్రకటనలో శాఖ ఇంకో విషయం బయటపెట్టింది. కొందరు ఏజెంట్లు రిటర్నులు గుత్తగా వేయడానికి తాత్కాలిక ఈమెయిల్ ఐడీలు సృష్టించి తర్వాత వదిలేశారట, నోటీసులన్నీ ఎవరూ చదవని ఆ ఇన్‌బాక్సులకి వెళ్లాయి. అంత ఘోరంగా కాకపోయినా, ఓటీపీల గొడవ లేకుండా పోతుందని క్లయింట్ ప్రొఫైల్‌లో తమ ఫోన్ నంబరు పెట్టేసే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. మొదటి రోజే ప్రొఫైల్ తెరిచి నంబరు, మెయిలు క్లయింటువేనా చూడండి. కాకపోతే అవి మార్చాకే రిటర్ను మొదలుపెట్టండి.

## ఆర్‌ఎస్‌యూ, విదేశీ షేర్లు: అదే సీజన్, వేరే పని

బెంగళూరులో ఉన్నందుకు దొరికే అవకాశం ఇది. ఇక్కడి కంపెనీల్లో చాలావాటికి మాతృసంస్థ అమెరికాలో ఉంది, ఉద్యోగుల జీతంలో కొంత షేర్ల రూపంలో వస్తుంది.

ఒక కేసు దగ్గరగా చూద్దాం. ఉద్యోగికి 40 షేర్లు వెస్ట్ అయ్యాయి, అంటే అతని సొంతమయ్యాయి. కంపెనీ పన్ను కోసం కొన్ని అమ్మేసింది, మిగిలినవి అమెరికా బ్రోకరేజీ ఖాతాలో పడ్డాయి. వెస్ట్ అయిన విలువ ఫారం 16లో పెర్క్విజిట్‌గా (జీతంతో పాటు వచ్చే ప్రయోజనంగా) కనిపిస్తుంది, పన్ను కూడా కోసేశారు. అంతటితో అయిపోయిందని అతను అనుకుంటాడు. అతనికి తెలియనివి ఇవి. ఆ ఏడాది చేతిలో ఉన్న షేర్లని రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపాలి, అది ఆర్థిక సంవత్సరం కాదు, జనవరి నుంచి డిసెంబర్ లెక్క. డివిడెండు వస్తే అమెరికాలో 25 శాతం కోసుకునే పంపుతారు, దాన్ని ఇక్కడి పన్నులో తగ్గించుకోవాలంటే ఫారం 67 వేయాలి. అమ్మితే మూలధన లాభం వేరే. 24 నెలలు దాటితే దీర్ఘకాలికం, 12.5 శాతం. డాలర్లని రూపాయల్లోకి మార్చడానికి స్టేట్ బ్యాంకు టీటీ బయింగ్ రేటు (బ్యాంకు డాలర్లు కొనే రేటు) వాడాలి, గూగుల్ చూపించే రేటు కాదు. పన్ను కోసం కంపెనీ అమ్మేసిన ఆ కొన్ని షేర్లు కూడా ఒక అమ్మకమే. లాభం దాదాపు సున్నా వస్తుంది కాబట్టి అందరూ వదిలేస్తారు, బ్రోకరేజీ స్టేట్‌మెంటులో మాత్రం అది ఉంటుంది.

విదేశీ ఆస్తి చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల పెనాల్టీకి అవకాశం ఉంది. 2024 అక్టోబర్ నుంచి, స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తుల మొత్తం 20 లక్షలు దాటకపోతే ఆ పెనాల్టీ లేదు. చూపాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది. 2024 నవంబరులో శాఖ ఈ షెడ్యూలు మీదే ప్రత్యేకంగా ప్రచారం నడిపి, విదేశాల నుంచి సమాచారం వచ్చినవాళ్లకి మెసేజీలు పంపింది. 'మా టీమ్‌లో ఎవరూ చూపించడం లేదు' అనే మాటకి ఇక విలువ లేదు.

ఒక్కో రిటర్ను రెండు మూడు గంటలు పడుతుంది. ఫీజు దానికి తగ్గట్టు అడగవచ్చు, ఇస్తారు కూడా. ఒకసారి మీ దగ్గర లాట్ల వారీగా ఎక్సెల్ షీటు తయారైతే, మరుసటి ఏడాది ఆ క్లయింట్ ఇంకొకరి దగ్గరికి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవడానికి ఇష్టపడడు. ఒకడికి బాగా చేస్తే అతని టీమంతా వస్తుంది. లోటు ఒక్కటే: ఇది కూడా జూలై పనే. మామూలు రిటర్నులు 300 చేసే బదులు ఇవి 60 చేయడం మేలని నా లెక్క, కానీ అవి ఒక్క ఏడాదిలో రావు.

## నెలవారీ జీఎస్‌టీ, లెక్కలు

గ్లామర్ లేని పని, ఇల్లు గడిపే పని. నెలకి 1,500 ఇచ్చే 20 మంది ఉన్నారనుకోండి, ఏడాదికి 3,60,000. పైన చెప్పిన 300 రిటర్నుల కన్నా ఎక్కువ, అదీ ప్రతి నెలా కొంచెం కొంచెంగా.

జీఎస్‌టీ ప్రాక్టీషనర్‌గా పోర్టల్‌లోనే నమోదు కావచ్చు. కామర్స్, లా, బిజినెస్ మేనేజ్‌మెంట్ లాంటి డిగ్రీలు సరిపోతాయి. నమోదైన రెండేళ్లలోపు పరీక్ష పాసవ్వాలి: 100 ప్రశ్నలు, 200 మార్కులు, సగం వస్తే చాలు. ఈ పరీక్ష పెట్టే నాసిన్ సంస్థ కొత్త ప్రాంగణం మన శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలోనే ఉంది. 2024 జనవరిలో ప్రారంభించారు, బెంగళూరు నుంచి అనంతపురం బస్సులో వెళ్లేవాళ్లు ఆ దారిలోనే పోతారు. పరీక్ష కోసం అక్కడికి వెళ్లక్కర్లేదు లెండి, కంప్యూటర్ సెంటర్లలో రాయవచ్చు.

క్లయింట్లు ఎవరు? తెలుగువాళ్ల పీజీలు, ఆంధ్రా మెస్‌లు, కర్రీ పాయింట్లు, బేకరీలు, ఇంటీరియర్ పనుల వాళ్లు, చిన్న మ్యాన్‌పవర్ కాంట్రాక్టర్లు. 2025 జూలైలో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. యూపీఐ లావాదేవీల సమాచారంతో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకి నోటీసులు ఇచ్చింది. కాండిమెంట్స్ కొట్లవాళ్లు క్యూఆర్ స్టిక్కర్లు పీకేసి 'ఓన్లీ క్యాష్' అని కాగితాలు అంటించారు. తర్వాత ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో మాట్లాడి, పాత బకాయిలు వసూలు చేయబోమని, రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకోవాలని చెప్పారు. గొడవ చల్లారింది, కానీ 'నా ఫోన్‌పే లెక్క ఎవరో చూస్తున్నారు' అన్న సంగతి ప్రతి కొట్టువాడికీ అర్థమైంది.

ఇక్కడ మీ విలువ ఎక్కడుందో ఒక పీజీ లెక్కలో చూడండి. 60 బెడ్లు, బెడ్‌కి 9,000. నెలకి 5,40,000, ఏడాదికి 64,80,000. నెలకి మనిషికి 20,000 దాటని, కనీసం 90 రోజులు ఆగకుండా ఉండే వసతికి 2024 జూలై నుంచి జీఎస్‌టీ మినహాయింపు ఉంది. అంతకుముందు 2023లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ (పన్ను పడుతుందో లేదో అడిగితే ముందే తేల్చి చెప్పే సంస్థ) హాస్టళ్లకి పన్ను పడుతుందని చెప్పడంతో ఓనర్లంతా హడలిపోయారు. ఇప్పుడు పూర్తిగా మినహాయింపు ఆదాయమే అయితే రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. కానీ ఓనరు ఖాళీ బెడ్లని ఇంటర్వ్యూలకి వచ్చే కుర్రాళ్లకి రోజు అద్దెకి ఇస్తున్నాడు, నెలకి 15,000 రాబడి. ఆ పదిహేను వేలు పన్ను పడే ఆదాయం. రిజిస్ట్రేషన్ పరిమితికి లెక్కపెట్టేది మొత్తం టర్నోవరు, మినహాయింపు ఆదాయంతో కలిపి. సేవలకి పరిమితి 20 లక్షలు. అంటే రోజు అద్దె అన్నమాట వచ్చిన క్షణమే 64 లక్షల పీజీ రిజిస్ట్రేషన్ పరిధిలోకి వస్తుంది. పాలు, బ్రెడ్డు అమ్ముతూ పక్కన బిస్కెట్లు, కూల్‌డ్రింకులు పెట్టిన కొట్టుకీ ఇదే సూత్రం, సరుకులే అమ్మితే పరిమితి 40 లక్షలు. ఇది ఓనరుకి వివరంగా చెప్పి, రోజు అద్దె మానేస్తావా, రిజిస్టర్ అవుతావా అని తేల్చేవాళ్లు అతనికి కావాలి. ఫారాలు నింపేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు.

చికాకులు చెప్పకపోతే తప్పవుతుంది. నెలవారీవాళ్లకి 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బి (పన్ను లెక్కగట్టి కట్టే రిటర్ను). 5 కోట్ల లోపు టర్నోవరు ఉంటే మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఉంది, కర్ణాటకలో 3బి గడువు అప్పుడు 22. ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, లావాదేవీల్లేని రిటర్నుకైనా రోజుకి 20. 20వ తేదీ సాయంత్రం పోర్టల్ నత్తనడక నడుస్తుంది. ఓటీపీ కోసం ఫోన్ చేస్తే మెస్ ఓనరు గరిటె పట్టుకుని పెద్ద కేటరింగ్ ఆర్డర్‌లో మునిగి ఉంటాడు, ఫోన్ ఎత్తేది వాళ్ల బావమరిది. కొనుగోలు బిల్లులు 19న రాత్రి వాట్సాప్‌లో, సగం మసకగా. అందుకే మొదట్లోనే రాసుకోండి: 7వ తేదీలోపు బిల్లులు రాకపోతే లేట్ ఫీజు ఓనరుదే. ఈ ఒక్క వాక్యం కాగితం మీద లేకపోవడం వల్లే సగం తగాదాలు.

వసూళ్లు ఇంకో తలనొప్పి. 'ఈ నెల సర్దుకోండి అన్నా' అనేవాళ్లు ఉంటారు. మూడు నెలల ఫీజు ముందే తీసుకునే పద్ధతి పెట్టుకోండి, రిటర్ను ఆపి డబ్బు అడగడం కన్నా అది గౌరవంగా ఉంటుంది.

## అమెరికా రిటర్నులు

హైదరాబాద్ తర్వాత ఈ పని తెలిసిన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. పెద్ద అకౌంటింగ్ సంస్థల కేంద్రాల్లో అమెరికా రిటర్నులు చేసి విసిగిపోయి, 'డల్లాస్‌లో మా బావ, న్యూజెర్సీలో మా ఫ్రెండ్సు, వాళ్లవే చేసుకున్నా చాలు' అనుకునేవాళ్లకి ఈ భాగం.

డబ్బు తీసుకుని అమెరికా రిటర్ను చేయాలంటే అక్కడి ఐఆర్‌ఎస్ ఇచ్చే పీటీఐఎన్ తప్పనిసరి, ఇండియాలో కూర్చుని చేసినా. ఎన్‌రోల్డ్ ఏజెంట్ అయితే ఐఆర్‌ఎస్ ముందు క్లయింట్ తరఫున మాట్లాడే హక్కు వస్తుంది. పరీక్ష మూడు భాగాలు, అమెరికా పౌరసత్వం అక్కర్లేదు. ఇంతవరకూ దారి తెరిచే ఉంది. అడ్డం వచ్చేది ఈ-ఫైలింగ్ దగ్గర. దానికి కావాల్సిన ఈఎఫ్‌ఐఎన్ అమెరికా పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే ఇస్తారు. కాబట్టి అక్కడ ఒక భాగస్వామి గానీ, ఒక సీపీఏ (మన సీఏ లాంటి అమెరికా అకౌంటెంట్) సంస్థ గానీ లేకుండా ఇది పూర్తిగా మీ సొంత ప్రాక్టీసు కాదు. సీపీఏ సంస్థ ద్వారా చేస్తే ఇంకో షరతు: క్లయింటు సమాచారం అమెరికా బయటికి పంపడానికి అతని రాతపూర్వక అంగీకారం కావాలి.

పనిలో తెలుగువాళ్లకి ప్రత్యేకంగా పట్టున్న చోటు ఒకటుంది, ఇండియా ఆస్తులు. హెచ్1బి మీద ఉన్న అబ్బాయికి ఊళ్లో నాన్నతో జాయింట్ ఖాతా ఉంటుంది. ఏడాదిలో ఏ రోజైనా విదేశీ ఖాతాల మొత్తం 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయాలి, డబ్బు నాన్నదే అయినా. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు అక్కడ పీఎఫ్‌ఐసీ (విడిగా పన్ను నిబంధనలున్న విదేశీ పెట్టుబడి సంస్థలు) కింద పడతాయి, ఫారం 8621 ఓ పెద్ద తంతు. ఈ రెండు వైపులా తెలిసినవాళ్లు అక్కడ అరుదు. 'అమెరికా రిటర్నులు చేస్తాను' అనే బదులు 'ఇండియా ఆస్తులున్నవాళ్ల అమెరికా రిటర్నులు' అని గిరి గీసుకుంటే పోటీ తగ్గుతుంది.

క్యాలెండర్ పరంగా ఇది జూలై సీజన్‌కి అడ్డు రాదు, అదే దీని అందం. మార్చి ఆఖరు మాత్రం రాత్రీ పగలూ తేడా ఉండదు. చంటిపిల్లలున్న ఇంట్లో అది ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు.

## ఇంకొకరి గొడుగు కింద

సీఏ ఆఫీసుకి సబ్‌కాంట్రాక్టు, ఆన్‌లైన్ ఫైలింగ్ కంపెనీలకి సీజనల్ పని. క్లయింట్ వాళ్లవాడు, ఫీజులో మీకు వచ్చేది కొంతే. ఒకటి రెండేళ్లు నేర్చుకోవడానికి మంచిదే, ముఖ్యంగా నోటీసులకి జవాబులు ఎలా రాస్తారో చూడటానికి. ఒప్పందంలో 'క్లయింట్లని తీసుకెళ్లకూడదు' అన్న షరతు ఎంతకాలం ఉందో చదివి సంతకం పెట్టండి. ఇంతకు మించి దీని గురించి చెప్పడానికేమీ లేదు.

## ఎవరికి ఏది

ఇంట్లో ఇంకో జీతం లేదు, అద్దె కట్టాలి: జీఎస్‌టీతో మొదలుపెట్టండి, వేరే ఆలోచన వద్దు. ఏడెనిమిది మంది నెలవారీ క్లయింట్లు కుదిరేదాకా ఉద్యోగం మానకండి.

ఉద్యోగంలో ఉండి పక్కన చేయాలనుకునేవాళ్లకి జీఎస్‌టీ పనికిరాదు. 20వ తేదీ మీ మేనేజరు మీటింగు చూసి రాదు. ఆర్‌ఎస్‌యూ రిటర్నులు మీకు సరిపోతాయి, శని ఆదివారాల్లో చేయవచ్చు. మీ కంపెనీ బయటి పనిని ఒప్పుకుంటుందో లేదో ముందు ఆఫర్ లెటరు తీసి చదవండి.

చిన్నపిల్లలతో ఇంట్లో ఉంటూ చేయాలంటే మూడు నెలలకోసారి జీఎస్‌టీ వేసే క్లయింట్లనే ఎక్కువగా తీసుకోండి, పీజీలు, చిన్న కన్సల్టెంట్లు. నెలవారీ 3బి క్లయింట్లు ఇద్దరు ముగ్గురు మించకుండా చూసుకుంటే రోజు మీ చేతిలో ఉంటుంది. జూలైలో అపార్ట్‌మెంట్ వాళ్ల రిటర్నులు ఎలాగూ వస్తాయి, అందులో షేర్లున్నవాటిని వదలకండి.

సీఏ ఇంటర్ దగ్గర ఆగినవాళ్లు ఒక మాట వినాలి. మీకు చదువులో వచ్చిన పట్టు మామూలు రిటర్నుల్లో వృథా. ట్యాక్స్ ప్రాక్టీషనర్‌గా నమోదై, జీఎస్‌టీ పరీక్ష కూడా రాసి, నోటీసుల పని చేపట్టండి. సీపీసీ (రిటర్నులు పరిశీలించే ఆదాయపు పన్ను శాఖ కేంద్రం) నుంచి వచ్చే సర్దుబాటు నోటీసులు, వార్షిక సమాచార నివేదికకీ రిటర్నుకీ పొసగని కేసులు, రద్దయిన జీఎస్‌టీ నంబర్ల పునరుద్ధరణ. ఇవి ఏ నెలలోనైనా వస్తాయి, ఫీజు దగ్గర బేరం తక్కువ. ఆడిట్ కావాల్సిన క్లయింట్ల కోసం ఒక సీఏతో స్నేహం పెట్టుకోండి.

అమెరికా పని ఇప్పటికే తెలిసినవాళ్లు తప్ప మిగతావాళ్లు దాన్ని మొదటి దారిగా పెట్టుకోవద్దు. పరీక్షలు, నమోదు, భాగస్వామి అన్నీ కుదిరేసరికి ఒక సీజన్ గడిచిపోతుంది.

రెండు కలపాలంటే నా ఓటు జీఎస్‌టీ, ఆర్‌ఎస్‌యూల జంటకి. జీఎస్‌టీ, అమెరికా కలపడం కాగితం మీద బాగుంటుంది కానీ మార్చిలో రెండూ నెత్తిన పడతాయి: ఇక్కడ ఏడాది ముగింపు, అక్కడ సీజన్ ఉధృతి.

మీ సొంత లెక్కలు కూడా చూసుకోండి, ఊరందరి రిటర్నులు వేసి తమది డిసెంబర్ 31న వేసేవాళ్లు ఈ వృత్తిలో తక్కువేమీ కాదు. 2025-26 దాకా సెక్షన్ 44ఏడీఏ కింద వసూళ్లలో 50 శాతం లాభంగా చూపితే పుస్తకాలు రాయక్కర్లేదు, పరిమితి 50 లక్షలు, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షలు. ఈ పద్ధతిలో ముందస్తు పన్ను మొత్తం ఒకేసారి మార్చి 15లోపు కట్టవచ్చు. కర్ణాటక ప్రొఫెషన్ ట్యాక్స్‌కి విడిగా నమోదై, ఏటా ఏప్రిల్ 30లోపు కట్టాలి. మీ వసూళ్లు 20 లక్షలు దాటితే జీఎస్‌టీ మీకూ వర్తిస్తుంది. అమెరికా క్లయింట్ల నుంచి డాలర్లలో వస్తే అది ఎగుమతి, ఎల్‌యూటీ (హామీ పత్రం) దాఖలు చేస్తే పన్ను కట్టకుండా బిల్లు వేయవచ్చు.